మేమిద్దరం పీల్చింది

ఇక్కడ డిసెంబరంటే మండువేసవి.
పంపా మైదానంలో గడ్డి ఎండి చిట్లిపోయి
ఈనిన గుర్రాలు నిలబడే చిన్న దొడ్డిలో
గిట్టల కింద నేల పిండైపోయింది.
నా చొక్కా మీద అదే పిండి,
మాతే తాగే సొరబుర్ర అంచు మీద, కనురెప్పల మీద.
పన్నెండేళ్ళు దులుపుకున్నాను, తిట్టుకున్నాను,
అందులో ఎవరున్నారని ఒక్కసారీ అడగలేదు.

షోవిస్నాకి అప్పటికి తొమ్మిది వారాలు.
మా భాషలో ఆ మాటకి తుంపర అని అర్థం.
అది పుట్టిన రాత్రి మబ్బు పట్టి, కురవకుండా పోయింది,
పేరొక్కటే వదిలేసి.
కాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు నడిచేది.
తల్లి లద్దె కొరికి రుచి చూసేది,
నేలకు ముక్కు ఆనించి ఉఫ్ అని ఊదేది,
ఊదినదంతా మళ్ళీ లోపలికి పీల్చేది.

మొదట దగ్గు. తర్వాత దగ్గే ఓపిక లేదు,
డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగిరిపడటమే.
డాక్టర్ ఒఫేలియా అర్రేగి యంత్రం ఆనించి చూపించింది:
ఊపిరితిత్తుల్లో నేరేడుపళ్ళంతేసి చీముగడ్డలు.
"ఎక్కణ్ణుంచో రాలేదు, ఈ మట్టిలోదే" అంది.
"ఊపిరికి కాపలా కాసే కణం దీన్ని మింగుతుంది,
దొంగల్నందర్నీ మింగినట్టే.
ఇది మాత్రం అరగదు.
కాపలావాడి కడుపులోనే కాపురం పెడుతుంది."
పెద్ద గుర్రాలకి?
"సాధారణంగా ఏమీ కాదు."
మనుషులకి?
ఆవిడ నా వైపు చూసింది,
అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు.

ఆవిడకు తెలుసు మరి.
నా పొత్తికడుపులో కుడిపక్కన
అక్క కసీల్డా మూత్రపిండం ఉంది, నాలుగేళ్ళుగా.
పరాయిదని తరిమెయ్యకుండా
పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ
నా లోపలి కాపలావాళ్ళని జోకొడుతుంటాను ఒక మాత్రతో.
వాళ్ళు కునికితేనే అక్క నాలో ఉంటుంది.
వాళ్ళు కునికితేనే
ఇంకెవరైనా కూడా.

జనవరిలో జ్వరం. క్షయ అన్నారు, కాదన్నారు.
ఆస్పత్రి ల్యాబులో మైతేనా అనే పిల్ల
గాజుపళ్ళెం మూత ఎత్తి చూపించింది:
చంటివాడి చిగుళ్ళ రంగు,
తడితడిగా, ఒకదాన్లోకొకటి జారుకుంటున్న చుక్కలు.
బాగుందే అన్నాను. నిజంగానే బాగుంది.
"మీ ఇంట్లో గుర్రాలున్నాయా?"
"మా ఇంట్లో లేవమ్మా.
గుర్రాల ఇంట్లో నేనుంటాను."

షోవిస్నాకీ నాకూ ఒకటే ఎర్రమాత్ర.
అది కిడ్నీమాత్రను కరిగించేస్తుందని ఒక డాక్టరు,
తప్పదని ఇంకో డాక్టరు, ఫోనులో కాట్లాట,
మధ్యన బల్ల మీద నేను, కాళ్ళూపుకుంటూ.
దాని ఉచ్చా నా ఉచ్చా ఇటుకనీళ్ళ రంగు.
కన్నీళ్ళు కూడా నారింజగానే వస్తాయట, ముందే చెప్పారు.
నేను పరీక్షించి చూడలేదు.

దొడ్డివైపు రావద్దన్నారు నన్ను.
నా పని కొత్తకుర్రాడికి ఇచ్చారు.
దానికి వేసే రెండో మందుతో ఒళ్ళు చల్లబడదు,
ఎండ తగలకూడదు, చీకటి కొట్టంలోనే కట్టాలి.
కుర్రాడికి చెప్పారు. చెప్పామంటున్నారు.
ఆ మధ్యాహ్నం తల్లి వెంట ఆరుబయట వదిలేశాడు,
పాపం, ఆడుకుంటుందని.

సాయంత్రం యజమాని ఫోను చేశాడు.
తర్వాత చేతిరుమాలు విప్పి చూసుకున్నాను.
నిజమే. నారింజే.

ఇప్పుడు మళ్ళీ పనిలో ఉన్నాను, గుర్రాల దగ్గర కాదు.
తెల్లారగట్ల మాస్కు కట్టుకుని
దొడ్డంతా గొట్టంతో తడుపుతాను, దుమ్ము లేవకుండా.
నేల మీద కోపం లేదు.
అది మా కోసం కాచుకుని కూర్చోలేదు,
లద్దె తింటూ తన మానాన తను బతుకుతోంది,
మేమే వెళ్ళి ముక్కు ఆనించాం.

మార్చి చివర నిజంగా తుంపర పడింది.
వంటమనిషితో సహా అందరూ బయటికొచ్చి నిలబడ్డారు,
కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీలుస్తూ.
ఆ వాసన చేసేది కూడా దీని చుట్టాలేనని
మైతేనా చెప్పింది ఒకసారి.
నేను దూరంగా, గొట్టం చేతిలోనే,
అటూ ఇటూ చూసి
మాస్కు ఒక వేలెడు కిందికి దించాను.